మా అవ్వ వాళ్ళ తాత, ఆయన చూసిన యుద్ధం

మా అవ్వ వాళ్ళ తాత మొదటి ప్రపంచ యుద్ధంలో మద్రాసు శాపర్స్ పటాలంతో మెసొపొటేమియా పోయి వచ్చినాడు. మెడల్ సంగతి ఇంట్లో అందరూ చెప్తారు. అవ్వ మాత్రం ఇంకొకటి చెప్పేది. దీపావళి టపాసులు మొదలైతే ఆయప్ప కొట్టంలోకి పోయి ఎద్దుల మధ్య కూర్చునేవాడంట. గాలి సోకిందని తాయెత్తు కట్టించినారు.

ఇట్లాంటి వాళ్ళను అప్పుడు బ్రిటిష్ సైన్యం ఎట్లా చూసిందో ఈ మధ్య చదివినాను. 1915లో చార్లెస్ మైయర్స్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికలో 'షెల్ షాక్' అనే మాట వాడినాడు. గుండు పక్కనే పేలి మెదడు అదిరిందని మొదట్లో అనుకున్నారు. తీరా చూస్తే దగ్గర్లో ఏ గుండూ పేలని వాళ్ళకు కూడా చేతులు వణికేవి, మాట పడిపోయేది.

దాంతో సైన్యం రెండు చీటీలు పెట్టింది. శత్రువు గుండు వల్ల అయితే 'డబ్ల్యూ', అంటే గాయం. కాకుంటే 'ఎస్', అంటే జబ్బు. గాయమైతే చొక్కా చేతికి పట్టీ, పింఛనుకు దారి. జబ్బయితే ఆ గౌరవం లేదు. 1917లో అసలు షెల్ షాక్ అనే మాటే రాయొద్దని, 'ఇంకా నిర్ధారణ కాని నరాల బాధ' అని రాయమన్నారు. మా టెస్టింగులో ఇట్లాంటి దాన్ని 'నీడ్ మోర్ ఇన్ఫో' అని పక్కన పెడతాం. బగ్గు మాత్రం అట్లే ఉంటుంది.

హ్యారీ ఫార్ అనే సిపాయి కథ చదివిన రాత్రి నాకు నిద్ర రాలేదు. 1915లో షెల్ షాక్ తో నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. మళ్ళీ ముందు వరుసకే పంపినారు. ఇంక పోలేనన్నాడు. పిరికితనం అని 1916 అక్టోబరులో కాల్చేసినారు. వయసు 25. క్షమాపణ వచ్చింది 2006లో, అట్లా కాల్చిన 306 మందితో కలిపి.

అందరు డాక్టర్లూ ఒకటి కాదు. ఎడిన్‌బరో దగ్గర క్రెయిగ్లాక్‌హార్ట్ ఆసుపత్రిలో రివర్స్ అనే ఆయన రోగుల్ని కూర్చోబెట్టి మాట్లాడించేవాడు. మన నీలగిరి తోడావాళ్ళ మీద 1906లో పుస్తకం రాసింది ఈయనే! అయితే అది ఆఫీసర్ల ఆసుపత్రి.

పీటీఎస్‌డీ అనే పేరు అమెరికా వైద్యుల పుస్తకంలోకి ఎక్కింది 1980లో, వియత్నాం తర్వాత. అప్పటికి మా ఆయప్ప లేడు. ఆయనకు ఉన్నింది అదే అని నేను తీర్పు చెప్పలేను. కొట్టం సంగతి వంశవృక్షంలో చేరుస్తానంటే మా మామ ఒప్పుకోలేదు. "ఆయప్పకు పిచ్చి అని ఊరంతా చెప్తావా?" అన్నాడు. మెడల్ పక్కనే రాస్తాను మామా, అన్నాను. ఇంకా సరే అనలేదు.

మీ ఇండ్లలో పెద్దవాళ్ళు ఇట్లాంటిది ఏమన్నా చెప్పింటే రాయండి.