సెప్టిక్ ట్యాంకు పూడిక తీత

సెప్టిక్ ట్యాంకు పూడిక తీత అనగా మరుగుదొడ్డి, స్నానాలగది నుండి వచ్చే మురుగునీరు చేరే తొట్టె నిండిపోయినపుడు గాని, దాని గొట్టాలలో అడ్డు పడినపుడు గాని ఆ అడ్డును తొలగించి, అడుగున పేరుకొన్న మడ్డిని బయటకు తీసే పని. హైదరాబాదు పాతబస్తీలో, ముఖ్యంగా మూసీనది ఒడ్డున ఉన్న పురానాపూల్, జియాగూడ, కార్వాన్, ధూల్‌పేట వంటి పాత పేటలలో, ఈ సమస్య ఇంటి తొట్టెతో ఆగదు. ఇంటి నుండి గల్లీ మోరీకి, అక్కడినుండి మ్యాన్‌హోలుకు, చివరకు మూసీకి సాగుతుంది. చూచుటకు చిన్న పనిగా కనిపించినా, తెలియక తొట్టెలోకి దిగిన ఎందరో కార్మికులు దీనివలన ప్రాణాలు కోల్పోయారు.

తొట్టె పనిచేసే విధానము

తొట్టెలోనికి వచ్చిన మురుగునీరు కదలకుండా ఒకటి రెండు రోజులు నిలువ ఉన్నపుడు మూడు పొరలుగా విడిపోతుంది. బరువైన పదార్థము అడుగున మడ్డిగా దిగుతుంది. నూనె, కొవ్వు, సబ్బు నురగ పైన తెట్టుగా తేలుతాయి. మధ్యనున్న కొంత తేటనీరు మాత్రమే బయటి గొట్టము గుండా ఇంకుడు గుంతకు గాని, వీధి కాలువకు గాని పోతుంది. ప్రాణవాయువు అవసరం లేని బాక్టీరియా మడ్డిని నెమ్మదిగా జీర్ణము చేస్తాయి. అయితే అవి మొత్తం మడ్డిని కరిగించలేవు. అందువలన రెండు మూడు సంవత్సరాలకు ఒకసారి దానిని తీయించవలసి ఉంటుంది. ఫ్రాన్సు దేశస్థుడు జాఁ లూయీ మురా 19వ శతాబ్దంలో ఇటువంటి తొట్టెను రూపొందించి 1881లో పేటెంటు పొందాడు. 'సెప్టిక్ ట్యాంకు' అనే పేరు 1895లో ఇంగ్లాండులోని ఎక్సెటర్ పట్టణంలో డోనాల్డ్ కామెరాన్ నిర్మించిన తొట్టెతో వాడుకలోకి వచ్చింది. భారతదేశంలో వీటి నిర్మాణానికి భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 2470 వర్తిస్తుంది.

లోనికి వచ్చే గొట్టానికి, బయటకు పోయే గొట్టానికి 'టి' ఆకారపు ముక్క అమర్చుతారు. పైన తేలే తెట్టు బయటి గొట్టంలోనికి పోకుండా ఇది కాపాడుతుంది. మేస్త్రీలు ఖర్చు తగ్గించుటకు దీనిని మానివేసిన ఇళ్ళలో ఇంకుడు గుంత త్వరగా మూసుకుపోతుంది.

అడ్డు ఎక్కడ ఉన్నదో గుర్తించుట

లారీని పిలిపించుటకు ముందే అడ్డు ఎక్కడ ఉన్నదో తెలుసుకొనుట మంచిది. ఇంటిలో ఒక్క దొడ్డి మాత్రమే నిండి, మిగిలినవి సరిగా పారుతుంటే అడ్డు ఆ దొడ్డి గొట్టంలోనే ఉన్నది. అన్నీ ఒకేసారి నిలిచిపోతే తొట్టెను, బయటి ఛాంబరును చూడాలి. బయట నిలబడి మూత తొలగించి, గాలి ఆడనిచ్చి, కొంత దూరము నుండే నీటి మట్టాన్ని పరిశీలిస్తారు. నీరు మామూలు మట్టంలోనే ఉండి ఇంటి ఛాంబరు మాత్రము నిండి ఉంటే లోనికి వచ్చే గొట్టము మూసుకున్నదని అర్థము. నీరు బయటి గొట్టాన్ని ముంచివేసి పైకి వచ్చినట్లయితే బయటి గొట్టము గాని, ఇంకుడు గుంత గాని, వీధి కాలువ గాని మూసుకున్నది. ఈ రెండవ సందర్భంలో తొట్టెను ఖాళీ చేయించినా కొద్ది రోజులకే మళ్ళీ నిండుతుంది. చాలామంది ఒకే పనికి రెండుసార్లు డబ్బు చెల్లించుటకు కారణం ఇదే.

అడ్డు పడే వస్తువులలో గుడ్డ పేలికలు, శానిటరీ న్యాప్కిన్లు, ప్లాస్టిక్ సంచులు, గడ్డకట్టిన వంటనూనె ముఖ్యమైనవి. ఆసిడ్, బ్లీచింగ్ పొడి ఎక్కువగా పోయుట వలన బాక్టీరియా చనిపోయి మడ్డి మరింత త్వరగా పేరుకుంటుంది.

తొలగించు పద్ధతి

గొట్టంలోని అడ్డును పూర్వము వెదురు బద్దలతోను, బెత్తాలతోను పొడిచి తీసేవారు. ప్రస్తుతం ఒకదానికొకటి బిగించే రాడ్లు, జెట్టింగ్ యంత్రాలు వాడుతున్నారు. జెట్టింగ్ గొట్టము కొసన ఉన్న ముక్కు నుండి నీటి ధారలు వెనుకకు చిమ్ముతాయి. ఆ వత్తిడి వలననే గొట్టము తనంత తాను ముందుకు పోతుంది, విడిపోయిన పూడికను వెనుకకు కొట్టుకొని వస్తుంది. కాబట్టి పనిని నిండిన మ్యాన్‌హోలు వద్ద కాక, దానికి దిగువన ఖాళీగా ఉన్న మ్యాన్‌హోలు వద్ద మొదలుపెడతారు.

తొట్టెలోని మడ్డిని గాలి పీల్చే పంపు ఉన్న ట్యాంకరు లారీతో తోడుతారు. మడ్డి గట్టిపడితే నీరు చిమ్మి, పొడవైన కర్రతో బయటనుండే కలిపి వదులు చేస్తారు. తొట్టె గోడలను కడిగి పూర్తిగా శుభ్రము చేయనక్కరలేదు. అడుగున మిగిలిన కొద్దిపాటి మడ్డి తిరిగి బాక్టీరియా పెరుగుటకు తోడులా ఉపయోగపడుతుంది.

విషవాయువులు

మూసి ఉన్న తొట్టెలో హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను, కార్బన్ డయాక్సైడు చేరుతాయి. వీటిలో హైడ్రోజన్ సల్ఫైడు అత్యంత ప్రమాదకరము. కొద్ది మోతాదులో అది కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. గాలిలో పది లక్షల వంతులకు సుమారు 100 వంతులు దాటితే ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తిని కోల్పోతుంది. కనుక వాసన రాకపోవడం క్షేమానికి గుర్తు కాదు. 1000 వంతుల వద్ద ఒకటి రెండు శ్వాసలకే మనిషి కూలిపోవచ్చును. ఈ వాయువు గాలి కంటే బరువైనది గనుక మూత తీసిన తరువాత కూడా అడుగున నిలిచి ఉంటుంది. మడ్డిని కదిలించినపుడు ఒక్కసారిగా వెలువడుతుంది. మీథేను గాలిలో 5 నుండి 15 శాతము ఉన్నపుడు నిప్పురవ్వకు పేలుతుంది. తొట్టె వద్ద అగ్గిపుల్ల గీసి పరీక్షించే అలవాటు ఎంత ప్రమాదమో దీనిని బట్టి తెలుస్తుంది.

ఇటువంటి ప్రమాదాలలో మొదట దిగినవాడు మాత్రమే కాక, అతనిని రక్షించుటకు దిగినవారు కూడా చనిపోవడం తరచుగా జరుగుతున్నది. 2016 ఆగస్టులో మాదాపూర్‌లోని ఒక మ్యాన్‌హోలులో నలుగురు మరణించారు. వారిలో ఒకరు కార్మికులను కాపాడబోయిన వ్యక్తి. 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో ఇద్దరు కార్మికులు రాత్రివేళ మ్యాన్‌హోలులో దిగి ప్రాణాలు కోల్పోయారు. పడిపోయిన వ్యక్తిని తాడుతో బయటనుండి లాగవలెనే తప్ప, శ్వాస పరికరము లేకుండా ఎవరును లోనికి దిగరాదు.

పురానాపూల్ ప్రాంతము

పురానాపూల్ వంతెనను 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో మూసీపై నిర్మించారు. హైదరాబాదు నగర నిర్మాణము 1591లో జరిగినందున వంతెన నగరము కంటే పాతది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో నగరంలో వేలాదిమంది చనిపోయిన తరువాత నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించినది. ఆయన సూచించిన జలాశయాలే ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927). నగరానికి భూగర్భ మురుగు కాలువల పథకాన్ని కూడా ఆయనే ప్రతిపాదించారు. 1931లో సుమారు 54 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణములో, 4.68 లక్షల జనాభాకు సరిపోయే విధంగా ఆ కాలువలు వేశారు. 2011 జనాభా లెక్కల నాటికి నగరపాలక సంస్థ పరిధిలోని జనాభా 67 లక్షలు దాటినది. పాతబస్తీ మ్యాన్‌హోళ్ళు వానకాలంలో పొంగిపొర్లుటకు ఇది ఒక ముఖ్య కారణము. ఇళ్ళవారు వాననీటి గొట్టాలను కూడా మురుగు కాలువకే కలుపుట మరియొక కారణము.

1989 నవంబరు 1న ఏర్పడిన హైదరాబాదు జలమండలి ఈ కాలువల నిర్వహణ చేపట్టినది. పెద్ద జెట్టింగ్ లారీలు పాతబస్తీ గల్లీలలో తిరుగలేవు. ఇందుకు 2017లో జలమండలి 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను ప్రవేశపెట్టి, వాటిని దళిత, గిరిజన యువకులకు యజమాన్యంతో సహా అప్పగించినది. తరతరాలుగా చేతులతో ఈ పని చేసినవారికి యంత్రము మీద హక్కు కలిగించుట ఈ పథకములోని విశేషము.

చట్టాలు

చేతులతో మలము ఎత్తించుటను నిషేధిస్తూ 1993లో ఒక చట్టము, 2013లో మరింత విస్తృతమైన చట్టము వచ్చాయి. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువలో గాని, సెప్టిక్ ట్యాంకులో గాని మనిషిని దింపుట 2013 చట్టము ప్రకారము నేరము. మొదటి తప్పుకు రెండు సంవత్సరాల వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధించవచ్చును. ఇంటి యజమాని పిలిచిన కూలీకి కూడా ఇది వర్తిస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారము నిర్ణయించింది. 2023 అక్టోబరు 20 నాటి తీర్పులో దానిని 30 లక్షలకు పెంచినది. 2025 జనవరి 29న హైదరాబాదుతో సహా ఆరు మహానగరాలలో ఈ పనిని మనుషులచే చేయించుటను నిలిపివేయవలెనని ఆదేశించింది. 2014 తీర్పుకు దారితీసిన వ్యాజ్యాన్ని సఫాయి కర్మచారి ఆందోళన్ వేసింది. కోలారు బంగారు గనులలోని పారిశుద్ధ్య కార్మిక కుటుంబములో జన్మించిన బెజవాడ విల్సన్ ఈ సంస్థ నాయకుడు. ఆయన 2016లో రామన్ మెగసెసె పురస్కారము పొందాడు. ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ ఉద్యమానికి విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ అండగా నిలిచారు.

వాహనాలలోని తొట్టెలు

విహార వాహనాలలోను, రైలుపెట్టెలలోను ఇదే సమస్య చిన్న రూపంలో కనిపిస్తుంది. విహార వాహనములోని తొట్టెలో నీరు తక్కువగా పోస్తే మలము గొట్టము క్రింద గుట్టగా పేరుకొని ఎండిపోతుంది. నీరు నింపి కొంతకాలము నాననిచ్చి, వాహనాన్ని నడిపి కుదిపిన తరువాత ఖాళీ చేయుట దీనికి విరుగుడు. భారతీయ రైళ్ళలోని బయో టాయిలెట్లలో ప్రయాణీకులు వేసే సీసాలు, సంచులు, గుడ్డలే ఎక్కువగా అడ్డుపడుతుంటాయి.

తోడిన మడ్డి

తోడిన మడ్డిని నాలాలో గాని, చెరువులో గాని వదలుట నిషిద్ధము. మురుగు శుద్ధి కేంద్రానికి చేర్చాలి. పురానాపూల్‌కు దిగువన మూసీ ఒడ్డున అంబర్‌పేటలోని కేంద్రము రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగునీటిని శుద్ధి చేయు సామర్థ్యముతో నిర్మింపబడినది. వరంగల్లు నగరపాలక సంస్థ 2016లో సెప్టిక్ ట్యాంకుల మడ్డి సేకరణకు ప్రత్యేక నిబంధనలు జారీ చేసినది. ఆ తరువాత అమ్మవారిపేటలో మడ్డి శుద్ధికై ఒక కేంద్రాన్ని నెలకొల్పినది.