బీటా బ్లాకర్లు – వ్యాయామంలో శ్వాస

అడ్రినలిన్ గుండె మీద, శ్వాసనాళాల మీద చేసే పనిని అడ్డుకునే మందులు బీటా బ్లాకర్లు. రక్తపోటుకు, ఛాతీనొప్పికి, గుండె లయ తప్పినప్పుడు వాడతారు. ఇవి వేసుకునేవారికి పరుగులోనో, మెట్లెక్కేటప్పుడో నాడి పెద్దగా పెరగదు. అలుపు త్వరగా వస్తుంది. ఉబ్బసం ఉన్నవారిలో శ్వాసనాళాలు ముడుచుకుని పిల్లికూతలు రావచ్చు.

అడ్రినలిన్ పుట్టే అడ్రినల్ గ్రంథులను 16వ శతాబ్దంలోనే యూస్టేకియస్ వర్ణించినా, అవి దేనికో దాదాపు మూడు వందల ఏళ్లు తెలియలేదు. వాటి సారం రక్తపోటును పెంచుతుందని 1895లో ఆలివర్, షేఫర్ లండన్‌లో చూపారు. 1901 నాటికి జోకిచి తకమినె అడ్రినలిన్‌ను స్ఫటికాలుగా వేరుచేశాడు. కొద్ది ఏళ్లలోనే అది ఉబ్బసానికి ఇంజెక్షన్‌గా వాడుకలోకి వచ్చింది.

ఒకే పదార్థం కొన్నిచోట్ల కండరాన్ని బిగించి, మరికొన్నిచోట్ల సడలించడం ఎలాగన్న చిక్కును 1948లో అమెరికాలోని జార్జియా వైద్య కళాశాలకు చెందిన రేమండ్ ఆల్‌క్విస్ట్ విప్పాడు. కణాల మీద అడ్రినలిన్ అంటుకునే చోట్లు, అంటే గ్రాహకాలు, ఆల్ఫా, బీటా అని రెండు రకాలని ఆయన ప్రతిపాదన. ఒక పత్రిక తిప్పి పంపిన ఈ వ్యాసమే తర్వాతి పరిశోధనకంతటికీ ఆధారమైంది.

మొదటి బీటా బ్లాకర్ వెతకని చోట దొరికింది. ఎక్కువసేపు పనిచేసే ఉబ్బసం మందు కోసం ఎలీ లిల్లీ సంస్థలో పావెల్, స్లేటర్ చేసిన ప్రయత్నాల్లో డైక్లోరోఐసోప్రినలిన్ బయటపడింది. వారు 1958లో ప్రకటించిన ఈ పదార్థం శ్వాసనాళాలను తెరవడానికి పనికిరాలేదు సరికదా, తెరిచే మందుకే అడ్డుపడింది.

అదే ఏడాది ఇంగ్లండ్‌లోని ఐసీఐ సంస్థలో చేరిన స్కాట్లండ్ శాస్త్రజ్ఞుడు జేమ్స్ బ్లాక్ ఆలోచన వేరు. జబ్బు గుండెకు రక్తం ఎక్కువగా అందించడానికి బదులు దాని ఆక్సిజన్ అవసరాన్నే తగ్గించాలని ఆయన పట్టుదల. తొలి మందు ప్రోనెథలాల్ 1962లో వచ్చింది కాని, ఎలుకల్లో కణుతులు కనిపించడంతో ఆగిపోయింది. 1964లో ప్రకటించిన ప్రోప్రనొలాల్ మరుసటి ఏడు బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది. బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి లభించింది.

ఆ 1964లోనే ప్రోప్రనొలాల్ ఉబ్బసరోగుల ఊపిరిని బిగబట్టిస్తుందని మెక్‌నీల్ లాన్సెట్ పత్రికలో హెచ్చరించాడు. గుండె విజయగాథల మధ్య తక్కువగా తలుచుకునే విలువైన నివేదిక అది. 1967లో లాండ్స్ బృందం బీటా గ్రాహకాలను మళ్లీ రెండుగా విడదీసింది: గుండెలో ప్రధానంగా బీటా-1, శ్వాసనాళాల్లో బీటా-2. దీంతో గుండెనే ఎంచుకునే మందులకు దారి పడింది. వాటిలో ముందు వచ్చిన ప్రాక్టొలాల్ కళ్లకు, పొట్టలోని పొరలకు హాని చేసి 1970ల మధ్యలో వాడుక నుంచి తప్పుకుంది. 1976లో వచ్చిన అటెనొలాల్ నిలదొక్కుకుంది. ఈ ఎంపిక కూడా సంపూర్ణం కాదు. మోతాదు పెరిగితే శ్వాసనాళాల మీదా ప్రభావం పడుతుంది.

బీటా బ్లాకర్లతో వ్యాయామంలో వచ్చే మార్పులను ఎప్‌స్టీన్, బ్రాన్‌వాల్డ్ తదితరులు 1965లో కొలిచారు. మందు పడ్డాక గరిష్ఠ శ్రమలో నాడి, గుండె పంపే రక్తం, ఒళ్లు తీసుకునే ఆక్సిజన్ తగ్గాయి. కండరాలు మాత్రం అందిన రక్తం నుంచే ఎక్కువ ఆక్సిజన్ పిండుకున్నాయి. శ్వాస వేగాన్ని నడిపేది ముఖ్యంగా మెదడు కాండం, రక్తంలోని కార్బన్ డయాక్సైడ్. అందుకే ఆరోగ్యవంతుల్లో ఓ మోస్తరు శ్రమకు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే గాలి పెద్దగా మారదు. వారి అలుపుకు మూలం చాలావరకు కండరాల్లోనే ఉంది: కొవ్వు కరిగి ఇంధనంగా అందడం తగ్గుతుంది, రక్తంలో పొటాషియం మామూలుకన్నా పెరుగుతుంది. నాడి లెక్క ఇక్కడ నమ్మదగినది కాదు కనుక వ్యాయామ కేంద్రాల్లో స్వీడన్‌కు చెందిన గున్నార్ బోర్గ్ రూపొందించిన 6–20 శ్రమ కొలమానాన్ని వాడతారు.

గుండె వైఫల్యంలో బీటా బ్లాకర్లు నిషిద్ధమనుకునే రోజుల్లో, 1975లో, గోథెన్‌బర్గ్‌లో వాగ్‌స్టీన్ బృందం ఏడుగురికి ఇచ్చి మేలు చూసింది. 1999లో రెండు పెద్ద పరీక్షల్లో మరణాలు మూడోవంతు మేర తగ్గాయి.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్-సు ప్రోప్రనొలాల్ వాడి పతకాలు పోగొట్టుకున్నాడు. గురి చూసేటప్పుడు చేయి వణకకుండా చేసే మందు అది. పరుగు పందేల్లో దానితో లాభం లేదు. ఇక శ్వాస విషయానికొస్తే, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉండి, గుండె కారణంగా బీటా బ్లాకర్ అవసరం లేనివారికి మెటొప్రొలాల్ అనే బీటా బ్లాకర్ ఇచ్చి చూసిన అమెరికా పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. జబ్బు ఉన్నట్టుండి తీవ్రం కావడం ఆగలేదు. ఆసుపత్రి పాలు కావడం ఎక్కువైంది.