కల్లు సీసా, అద్దాల మేడ

సైబరాబాద్‌లో మత్తు అనగానే పబ్బులూ, ఐటీ జీతాలూ గుర్తొస్తాయి. చరిత్ర అంత తేలిగ్గా ఒప్పుకోదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేసరికి, దూబగుంట గ్రామ మహిళల సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1995లో వచ్చిన మద్యనిషేధాన్ని సర్కారు ఎత్తేసి ఏడాది దాటింది. ఖజానాకు ఆబ్కారీ రాబడి కావాల్సి వచ్చింది మరి. 2004లో మూసిన నగరంలోని కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. ఇంత ఊరికి సరిపడా కల్లు గీయడానికి చెట్లేవి? ఆ కొరతను ఆల్ప్రాజోలం అనే మత్తుమందు తీర్చింది: నీళ్లు, శాకరిన్, చిటికెడు పొడి, సీసా సిద్ధం. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీని కట్టడి చేయగానే, అలవాటుపడినవాళ్లు వణుకుతో, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జూలైలో హైటెక్ సిటీ పొరుగునే ఉన్న కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది.

కల్లు సంగతి సరే, కొకైన్, ఎండీఎంఏ లాంటి డ్రగ్స్ కొత్తవే కదా అంటారు. సరుకు కొత్తదే, కానీ బానిసైన మనిషిని నేరస్థుడిగా చూసి కసి తీర్చుకునే చూపు పాతదే. 1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ (ఎన్‌డీపీఎస్) చట్టంలోని 64ఏ సెక్షన్, స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరులకు షరతులతో ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇస్తుంది. టీవీ చర్చల్లో ఆ ముక్క వినిపించడం అరుదు.