మేస్త్రీ మొదలు ఏజెంటు వరకు: బాల్కొండ వలస కొలువుల చరిత్ర

మృగశిర కార్తెలో విత్తిన పసుపు ఎనిమిది తొమ్మిది మాసములు భూగర్భమున నుండి, త్రవ్వబడి, ఉడికి, ఎండి, మెరుగు దేరి అంగడికి చేరువరకును నిజామాబాదు జిల్లా బాల్కొండ ప్రాంతమున కూలి కుదుర్చుకొనుట రెండు మాటల వ్యవహారము. రైతు కూలివాని నెరుగును, కూలివాడు రైతు నెరుగును. దినకూలియో గుత్తయో తేలిన పిదప వేరొక పరీక్ష యుండదు. ముఖమెరుగని యజమానునికి శ్రమను విక్రయింపవలసి వచ్చినప్పుడే నడుమ నొక మధ్యవర్తి యవసరమయ్యెను. ఈ సీమ వలసల చరిత్రము చాలవరకు ఆ మధ్యవర్తి చరిత్రమే.

తెలంగాణపు బ్రతుకును మూడు పదములలో బంధించిన నానుడి యొకటి కలదు: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. వీనిలో బొంబాయి దారి మిగుల ప్రాచీనము. నిజాము రాజ్యమునుండి వెడలి ఆ నగరపు కట్టడములలో రాళ్లు మోసిన కామాఠీల పేరు కామాఠీపురమునకు నేటికిని నిలిచి యున్నది. అట్టి పనులకు జనమును కూర్చువాడు మేస్త్రీ. ముందుగా కొంత సొమ్ము చేత బెట్టి వెంట గొనిపోవును. బాకీ తీరు దాక కూలివాడు అతని మాట జవదాటరాదు. అయినను మేస్త్రీ ఇల్లు ఏ యూరనున్నదో కూలివానికి తెలియును. మోసము జరిగినచో వాకిట నిలిచి అడుగవచ్చును.

జిల్లాలోనే కొలువులు లేకపోలేదు. 1931లో నిజాంసాగరము పూర్తియై చెరకు విస్తరించిన పిమ్మట, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమై బోధన్ చెంత శక్కర్‌నగరమను కార్మికుల ఊరు వెలసెను. 1963 జూలై 26న పోచంపాడు వద్ద గోదావరిపై ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేసెను. అయినను చిన్న కమతముల వారికిని, భూమి లేనివారికిని ఈ సంపద యంతయు చాలలేదు. 1973లో చమురు వెల హఠాత్తుగా పెరిగి అరబ్బు దేశములలో నగరములు లేచుచుండగా, నాటి బొంబాయియే వారికి సముద్రము దాటు ద్వారమయ్యెను.

బొంబాయిలో కొలువు పరీక్ష క్రొత్త రూపు దాల్చెను. కంపెనీ ప్రతినిధుల యెదుట తాపీపనివాడు గోడ కట్టి, కడ్డీలు కట్టువాడు కడ్డీలు కట్టి, వెల్డరు అతుకు వేసి చూపవలెను. దీనినే ట్రేడ్ టెస్టు అందురు. చేతిలో పని లేని కూలికి దేహదార్ఢ్యమే విద్య, వైద్యుని చీటియే పట్టా. పరీక్షింపబడువాడు మాత్రము కంపెనీని పరీక్షించుట కవకాశము లేదు: ఒడంబడిక ఇంగ్లీషులోను అరబ్బీలోను ఉండును, వ్రేలిముద్ర తెలుగువానిది. 1922 నాటి చట్టమును తొలగించి వచ్చిన 1983 వలస చట్టము, మేస్త్రీ స్థానమున వచ్చిన ఏజెంటునకు లైసెన్సును, చదువు తక్కువైనవాని వలసకు ప్రత్యేకానుమతిని విధించెను. ఏజెంటు గైకొనదగిన రుసుము నేడు పన్ను గాక 30,000 రూపాయలు మాత్రమే. అయినను అంతకు మించిన అప్పు కొరకు పొలమో, ఇల్లాలి మెడలోని బంగారమో తాకట్టుకు పోవుట వింత కాదు. ఆ అప్పు వడ్డీకై ఇల్లాలు వాకిట కూర్చుండి తునికాకు కత్తిరించి బీడీలు చుట్టును.

గల్ఫులోని బ్రతుకు ఏ వీసా దొరికినదను దానిపై నిలిచి యుండును. కంపెనీ వీసా గలవానికి క్యాంపులో మంచము, బస్సు, జీతపు చీటి కలవు. ఆజాద్ వీసా యనగా పేరునకొక కఫీలు, అనగా పూచీ వహించు యజమాని, పని వేరొకచోట. ఆజాద్ అనగా స్వేచ్ఛ, ఆ వీసాలో లేనిదియు అదియే. కఫీలును విడిచి పారినవాడు ఖల్లివల్లి. చట్టములు మెల్లగా మెత్తబడుచున్నవి: యు.ఎ.ఇ.లో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12.30 మొదలు 3 గంటల దాక ఎండలో పని నిషిద్ధము. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకయే కొలువు మారు హక్కు నొసగెను. గల్ఫులో మరణించినవారి కుటుంబమునకు 5 లక్షల రూపాయలిచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో ఉత్తర్వు చేసెను.

మేస్త్రీ వాకిలి తెలిసియుండెను. కంపెనీ వాకిలి సముద్రమున కావల నున్నది. కావున కంపెనీని అడుగవలసిన ప్రశ్నలను ఇప్పుడు తిరిగి వచ్చినవారు పోబోవువాని నడుగుచున్నారు. నాగపూరు రహదారిపై టీకొట్టు బల్లమీద, ఇరువదేండ్లు ఎడారిలో నెరిసిన పెద్దాయన పొరుగింటి కుర్రవానిని కూర్చుండబెట్టి యడుగును: “కంపెనీ వీసానారా, ఆజాదా? తిండి ఎవలది? ఓటీ పైసలు ఇస్తరా? పాస్‌పోర్టు ఎవలకాడ ఉంటది?” కుర్రవాడు జేబులోని కాగితము తీసి చూచును, అందులో ఆ నాలుగింటికి జవాబు లేకున్నచో, పెద్దాయన దానిని మడిచి తిరిగి వాని చేతిలోనే పెట్టును.