ఆయాసమునకు మందు కాళ్ళలో దొరికిన కథ

వృద్ధుడొకడు నాలుగు మెట్లెక్కి రొప్పుచు కూలబడును. తప్పంతయు ఊపిరితిత్తులదే అని మనమనుకొందుము. వైద్యులును అట్లే తలచి, ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధమున దీర్ఘకాల శ్వాసకోశవ్యాధి గలవారికి విశ్రాంతి విధించుచుండిరి. దయతో చెప్పిన ఆ మాటయే రోగికి కీడైనది. ఎట్లో చూతము.

1907లో కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్సు అను శాస్త్రజ్ఞులు కప్ప కండరములను పరీక్షించి, ఆమ్లజని చాలనిచో వానిలో లాక్టిక్ ఆమ్లము చేరునని నిరూపించిరి. మన కండరములందును ఈ ఆమ్లము పుట్టును. రక్తములోని బైకార్బొనేటు దానిని తటస్థపరచునప్పుడు బొగ్గుపులుసు వాయువు వెలువడును. దానిని వెడలగొట్టుటకు మరింత ఊపిరి కావలెను. కదలక కూర్చున్నవాని తొడకండరములు సన్నగిల్లి, కొద్ది శ్రమకే ఆమ్లము నిచ్చును. చెడిన ఊపిరితిత్తులపై భారము హెచ్చును. ఆయాసమునకు వెరచి అతడు మరింత కదలడు!

1952లో అమెరికా వైద్యుడు ఆల్వన్ బరాక్ ఇట్టి రోగులకు వ్యాయామము మేలని సూచించెను. ఆ మాట వ్యాప్తిలోనికి వచ్చుటకు దశాబ్దములు పట్టినది. 1990లో అమెరికాలో ఫియటరోనే బృందము తొంబదేండ్ల వారిచే 8 వారములు కాళ్ళతో బరువు లెత్తించగా, వారి కాలిబలము రెట్టింపునకు మించినది. 1992లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమున వయసు మళ్ళిన శ్వాసరోగులచే 8 వారములు బరువు లెత్తించిరి. వారు సైకిలు త్రొక్కగల కాలము పెరిగినది; ఆయాసము తగ్గినది.

ఊపిరితిత్తులు మారలేదు, మారినవి కండరములు. నేడు వైద్యుని పర్యవేక్షణలో బరువు లెత్తుట ఈ వ్యాధి చికిత్సలో ఒక భాగము.