గురి ఓడలకు, దెబ్బ వాదానికి

1941 ఆగస్టు 12న అమెరికా ప్రతినిధుల సభలో ఒక బిల్లు ఓటింగుకు వచ్చింది. నిర్బంధ సైనిక సేవలోకి తీసుకున్న కుర్రాళ్ళను ఏడాది గడువు తీరగానే ఇళ్ళకు పంపాలా, ఇంకొంతకాలం సైన్యంలోనే ఉంచాలా అన్నది అందులోని సంగతి. ఉంచాలన్నవారు 203 మంది, వద్దన్నవారు 202 మంది. అప్పటికి పారిస్ హిట్లర్ వశమై ఏడాది దాటింది. జర్మన్ సేనలు రష్యా లోపలికి చొచ్చుకుపోతున్నాయి. చైనాలో జపాన్ సాగిస్తున్న యుద్ధం ఐదో ఏట పడింది. లోకం ఇంతగా తగలబడుతున్నా అమెరికా నిర్ణయం ఒక్క ఓటు మీద వేలాడింది. ఆ తరవాత నాలుగు నెలలు తిరక్కుండా, డిసెంబరు 8న, అదే సభ జపాన్ మీద యుద్ధం ప్రకటించింది. ఈసారి అనుకూలంగా 388 ఓట్లు పడ్డాయి. వ్యతిరేకంగా పడ్డది ఒక్కటే, మోంటానా సభ్యురాలు జానెట్ రాంకిన్‌ది. సెనేట్‌లో ఆ ఒక్కటి కూడా లేదు, 82–0. ఈ రెండు ఓటింగులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, రెండోదానికి ముందురోజు హవాయిలోని అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ చేసిన దాడి అసలు ఏం చేసిందో తెలుస్తుంది. ఆకస్మిక దాడి ఒక పెద్ద దేశాన్ని ప్రపంచయుద్ధంలోకి లాగేది ఓడల్ని ముంచినందువల్ల కాదు. ఆ దేశం తనలో తాను ఏళ్ళ తరబడి తేల్చుకోలేకపోతున్న వాదాన్ని ఒక్క పూటలో ముగించినందువల్ల. దాడి చేసినవాడి లెక్క తప్పేదీ అక్కడే.

దెబ్బ తగిలితే ఎవరైనా తిరగబడతారు, ఇందులో వింతేముంది అనిపించవచ్చు. అమెరికా తిరగబడని సందర్భాలు ఉన్నాయి కాబట్టే ఇది ఆలోచించవలసిన విషయమైంది. 1937 డిసెంబరు 12న నాన్‌జింగ్ దగ్గర యాంగ్‌ట్సీ నదిలో అమెరికా గస్తీ నౌక పనాయ్‌ని జపాన్ విమానాలు ముంచేశాయి. జపాన్ క్షమాపణ చెప్పి 22 లక్షల డాలర్లకు పైగా పరిహారం కట్టింది, వ్యవహారం అంతటితో సద్దుమణిగింది. 1941 అక్టోబరు 31న ఐస్‌లాండ్ సమీపంలో ఒక జర్మన్ జలాంతర్గామి రూబెన్ జేమ్స్ అనే అమెరికా యుద్ధనౌకను ముంచింది. దాదాపు వంద మంది నావికులు పోయారు. అయినా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ యుద్ధప్రకటన కోరలేదు. ఆ తరవాత రెండు వారాలకు తటస్థత చట్టాన్ని సడలించడం కూడా ప్రతినిధుల సభలో 212–194 ఓట్లతోనే గట్టెక్కింది. తేడా ప్రాణనష్టంలో మాత్రమే లేదు. పనాయ్ ఉన్నది ఎవరి యుద్ధంలోనో చిక్కుకున్న నదిలో. రూబెన్ జేమ్స్ వెళ్తున్నది బ్రిటన్‌కు సరుకు మోసే ఓడలకు కాపలాగా. “అసలు మనవాళ్ళు అక్కడికెందుకు వెళ్ళినట్టు?” అని యుద్ధం వద్దన్నవాళ్ళు అడగగలిగారు. ఆదివారం పొద్దున తమ రేవులో లంగరేసి ఉన్న ఓడల గురించి, అందులోనూ వాషింగ్టన్‌లో జపాన్ రాయబారులు ఇంకా చర్చల్లో ఉండగా, ఆ ప్రశ్న అడగడానికి వీల్లేదు. దాడి ఆకస్మికం కావడంతో సైనికులకు తుపాకి అందుకునే వ్యవధి లేకపోయింది. తటస్థవాదులకు చెప్పుకోవడానికి మాటే లేకపోయింది.

జపాన్ నాయకులు ఆలోచన లేకుండా ఈ పనికి దిగలేదు. 1941 జులైలో వారి సేనలు దక్షిణ ఇండోచైనాలోకి వెళ్ళగానే అమెరికా జపాన్ ఆస్తులను స్తంభింపజేసింది, చమురు ఆపేసింది. జపాన్ వాడే చమురులో సుమారు ఐదింట నాలుగు వంతులు అమెరికా నుంచే వచ్చేది. అంతకు ఏడాది ముందు, 1940 జులైలో, అమెరికా తన నౌకాదళాన్ని 70 శాతం పెంచే చట్టం చేసి ఉంది. టోక్యోలో కూర్చున్నవారికి కనబడింది ఇదే: తమ చమురు తొట్లు నెలనెలకూ ఖాళీ అవుతాయి, అవతలివాడి ఓడలు ఏడాదికేడాదీ పెరుగుతాయి. ఇప్పుడు కొట్టకపోతే ఇక కొట్టలేం. కాలం తన పక్షాన లేదనుకున్నవాడి ఆయుధం ఆకస్మిక దాడి. పైగా వారికి ఒక పూర్వానుభవం ఉంది. 1904 ఫిబ్రవరి 8 రాత్రి, యుద్ధప్రకటన లేకుండానే, జపాన్ టార్పెడో పడవలు మంచూరియా తీరంలోని పోర్ట్ ఆర్థర్ రేవులో ఉన్న రష్యా నౌకల మీద పడ్డాయి. ప్రకటన ఫిబ్రవరి 10న వెలువడింది. మరుసటి ఏడాది రష్యా సంధికి వచ్చింది. మధ్యవర్తి మరెవరో కాదు, అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్. మొదట గట్టిగా కొట్టు, దక్కించుకున్నది నిలుపుకో, అవతలివాడు విసిగిపోయాక బేరానికి కూర్చో అన్నదే ఆ పాఠం.

పోర్ట్ ఆర్థర్ నా వాదానికి ఎదురు సాక్ష్యమని ఎవరైనా అనవచ్చు. అక్కడా దొంగదెబ్బే పడింది కదా, మరి రష్యా కడదాకా ఎందుకు పోరాడలేదు? జవాబు దాడిలో దొరకదు, దాడికి గురైన దేశంలో వెతకాలి. మంచూరియా యుద్ధం జార్ సొంత వ్యవహారమనుకున్న ప్రజలు 1905లో ఆయన మీదే తిరగబడ్డారు. తేల్చుకోవలసిన ప్రశ్నను వారి ముందు ఎవరూ పెట్టనే లేదు. సేనలు పోవలసినది ఖండం ఆ చివరకు, ఒకే ఒక్క రైలుదారి మీద. పోర్ట్ ఆర్థర్ నుంచి జపాన్ నేర్చుకున్నది దాడి గొప్పతనం. నేర్చుకోవలసినది రష్యా బలహీనత.

1941 నవంబరు 26న కురిల్ దీవుల్లోని హితోకప్పు అఖాతం నుంచి ఆరు విమానవాహక నౌకలతో అడ్మిరల్ నగుమో దళం బయలుదేరింది. డిసెంబరు 7 పొద్దున 8 గంటలకు కొద్ది నిమిషాల ముందు బాంబులు పడటం మొదలైంది. రెండు విడతల్లో వచ్చిన 353 విమానాలు రెండు గంటల్లో పని ముగించాయి. అమెరికా పక్షాన 2,403 మంది చనిపోయారు. వారిలో 1,177 మంది అరిజోనా అనే ఒక్క ఓడలోని వారే. రేవులో ఉన్న ఎనిమిది బ్యాటిల్‌షిప్పులకూ దెబ్బ తగిలింది, నాలుగు మునిగాయి. జపాన్ పోగొట్టుకున్నవి 29 విమానాలు, ఐదు చిట్టి జలాంతర్గాములు. ఇంతకన్నా లాభసాటి బేరం నౌకాయుద్ధ చరిత్రలో అరుదు. అయితే ఆ పొద్దున అమెరికా విమానవాహక నౌకల్లో ఒక్కటి కూడా రేవులో లేదు. చమురు తొట్లు, మరమ్మతు యార్డులు, జలాంతర్గాముల స్థావరం చెక్కుచెదరలేదు. దెబ్బతిన్న ఎనిమిదింటిలో ఆరు మళ్ళీ సముద్రం మీదికి వచ్చాయి. సౌప్తికపర్వం తెలిసినవారికి ఇది కొత్త కథ కాదు. గుడ్లగూబ కాకుల్ని రాత్రివేళ చంపడం చూసి అశ్వత్థామ నిద్రపోతున్న శిబిరం మీద పడ్డాడు. ధృష్టద్యుమ్నుణ్ణీ ఉపపాండవులనూ చంపాడు. ఎవరిని చంపితే యుద్ధఫలితం మారేదో ఆ ఐదుగురు మాత్రం ఆ రాత్రి శిబిరంలో లేరు.

ఒకవేళ విమానవాహక నౌకలు కూడా మునిగి ఉంటే? అమెరికా ఎదురుదాడి ఆలస్యమయ్యేది. సభలో ఓటు మాత్రం మారేది కాదు. దాడికి పథకం వేసిన యమమోతో 1941 జనవరిలోనే నౌకాదళ మంత్రికి రాసిన ఉత్తరంలో, మొదటి దెబ్బతోనే అమెరికా నావికుల, ప్రజల మనోధైర్యం మళ్ళీ లేవనంతగా దిగజారాలన్న ఆశ వెల్లడించాడు. ఆ దెబ్బ నుంచి పుట్టవలసిన నిరుత్సాహమే తమను సంధి దాకా తీసుకుపోతుందన్నది లెక్క. ఆ లెక్కలోనే వైరుధ్యం ఉంది. దాడి ఎంత బలంగా తగిలితే, బేరానికి సిద్ధపడే నాయకుడు అవతలి దేశంలో అంతగా మాయమవుతాడు. యుద్ధంలోకి పోవద్దని ఊరూరా సభలు పెట్టిన అమెరికా ఫస్ట్ కమిటీ దాడి జరిగిన కొద్ది రోజుల్లోనే తనను తాను రద్దు చేసుకుంది. చర్చలు తెంచుకుంటున్నామన్న జపాన్ లేఖ వాషింగ్టన్‌లో మధ్యాహ్నం ఒంటి గంటకు అందవలసింది, 2 గంటల 20 నిమిషాలకు అందింది. అప్పటికి బాంబులు పడి దాదాపు గంటయింది. ఆ లేఖ వేళకు చేరి ఉంటే కథ మారేదని కొందరంటారు. అందులో యుద్ధప్రకటనే లేదు. అరగంట ముందు అందినా అది మోసం కిందనే లెక్కకు వచ్చేది.

రూజ్వెల్ట్‌కు అంతా ముందే తెలుసని, యుద్ధంలోకి దిగడానికి సాకు కోసం కళ్ళు మూసుకున్నాడని ఇంకో వాదం ఉంది. జపాన్ దౌత్య సంకేతాలను అమెరికా చదువుతున్న మాట నిజం. నవంబరు 27న పసిఫిక్ దళాలకు యుద్ధ హెచ్చరిక వెళ్ళిన మాటా నిజం. కానీ దౌత్య సందేశాల్లో నౌకాదళం దారి ఉండదు. వాషింగ్టన్ కళ్ళు మలయా మీద, ఫిలిప్పీన్స్ మీద ఉన్నాయి. దాడి జరిగిన పొద్దున 7 గంటల 2 నిమిషాలకు, పెర్ల్ హార్బర్ ఉన్న ఓఅహు దీవి ఉత్తరాన ఒపానా రాడార్ మీద పెద్ద విమానాల గుంపు కనిపించింది. అవి తమ బాంబర్లే అయి ఉంటాయనుకుని అధికారి పట్టించుకోలేదు. కుట్ర అవసరం లేదు, అలవాటు చాలు. అదే ఏడాది జూన్ 22న జర్మనీ దాడికి ముందు స్టాలిన్‌కు ఎన్నో హెచ్చరికలు అందాయి, ఆయన ఒక్కటీ నమ్మలేదు. ఇలాంటి దాడుల్లో శత్రువు ఉద్దేశం రహస్యం కాదు. తెలియనిది చోటు, వేళ.

ఎలాగైనా అమెరికా ఎప్పుడో ఒకప్పుడు దిగేదే కదా అన్నది అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ. మార్చిలో బ్రిటన్‌కు ఆయుధాలిచ్చే చట్టం, ఆగస్టులో చమురు నిషేధం చూస్తే ఆ మాటను కొట్టివేయలేం. కానీ ఏ యుద్ధంలోకి, ఎంత ఐకమత్యంతో అన్నవి చిన్న ప్రశ్నలు కావు. జపాన్ ఒక్క బ్రిటిష్, డచ్ వలసల మీదే పడి ఉంటే, వాటి కోసం అమెరికా యువకులు చావాలా అన్న వాదం మరిన్ని నెలలు సాగేది. మరో సంగతి, పెర్ల్ హార్బర్ అమెరికాను జపాన్‌తో యుద్ధంలోకే తెచ్చింది. ఐరోపా యుద్ధంలోకి తెచ్చింది హిట్లర్. 1940 నాటి త్రైపాక్షిక ఒప్పందం ప్రకారం, జపాన్ తానే దాడికి దిగినప్పుడు జర్మనీ సాయపడనక్కర్లేదు. అయినా డిసెంబరు 11న హిట్లర్ అమెరికా మీద యుద్ధం ప్రకటించి, రూజ్వెల్ట్‌కు మిగిలిన ఆఖరి చిక్కు తనే విప్పాడు. నాలుగేళ్ళుగా రక్తమోడుతున్న చైనా కూడా జపాన్ మీద లాంఛనంగా యుద్ధం ప్రకటించింది డిసెంబరు 9ననే. ఐరోపాలో ఒకటి, ఆసియాలో ఒకటిగా సాగుతున్న రెండు యుద్ధాలు ఆ ఐదు రోజుల్లో ఒక్కటయ్యాయి.

దాడి ఒక దేశం లోపలి వాదాన్ని ముగిస్తుందన్న మాటకు పరీక్ష మన తీరం మీదనే జరిగింది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. అక్కడి రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసే తెలుగు కూలీలు, బర్మావాళ్ళు కోరంగీలని పిలిచినవాళ్ళు, వేలాదిగా అడవిదారులు పట్టారు. తెల్లవాళ్ళకొక దారి, నల్లవాళ్ళకొక దారి పెట్టారన్న మాట వారితోపాటే ఇక్కడికి వచ్చింది. 1942 ఏప్రిల్ 5న నగుమో దళం కొలంబోను కొట్టింది, అదీ ఆదివారమే. మరునాడు అడ్మిరల్ ఒజావా దళంలోని ర్యుజో నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పెర్ల్ హార్బర్‌తో పోలిస్తే నష్టం చాలా తక్కువ, పోలికే సరికాదనవచ్చు. నిజమే, కానీ పరాయి సైన్యం సొంత రేవును కొట్టడమన్నది రెండుచోట్లా ఒకటే. హొనొలులు మంటలు అమెరికాను ఏకం చేస్తే, విశాఖ మంటలు ఎవరినీ బ్రిటిష్ ప్రభుత్వం వెనక నిలబెట్టలేదు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో మనవాళ్ళనెవరినీ అడక్కుండా భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. దానికి నిరసనగా మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. ఆ తరవాత పాతిక లక్షల మంది సైన్యంలో చేరారు, కానీ అది ఉద్యోగం, దేశ నిర్ణయం కాదు. విశాఖలో బాంబులు పడిన రోజున ఢిల్లీలో బ్రిటిష్ ప్రభుత్వం పంపిన క్రిప్స్‌తో కాంగ్రెస్ నాయకులు వాదిస్తున్నది సరిగ్గా దాని మీదనే: దేశ రక్షణ శాఖ ఎవరి చేతిలో ఉండాలని. బాంబులు ఆ వాదాన్ని ముగించలేదు. నాలుగు రోజులకు కాంగ్రెస్ క్రిప్స్ ప్రతిపాదనను తిప్పికొట్టింది, నాలుగు నెలలకు క్విట్ ఇండియా అంది.