పవన విద్యుత్తు, పంపిణీ సరిహద్దు: జహీరాబాద్ – రామగిరి

రాష్ట్ర విభజనకు ముందు జహీరాబాద్, రామగిరి ఒకే విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలో ఉండేవి. ఒకటి ఉమ్మడి మెదక్ జిల్లా పడమటి కొసన, బీదరుకు చేరువలో ఉన్న ఎర్రనేలల పట్టణం. మరొకటి ఉమ్మడి అనంతపురం జిల్లాలో బంగారు గనులకు పేరుపడిన ఊరు. 2000లో ఏర్పడిన మధ్య ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ (సీపీడీసీఎల్) హైదరాబాదు కేంద్రంగా రాజధానితో పాటు రంగారెడ్డి, మెదక్, మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు, అనంతపురం జిల్లాలకు సరఫరా చేసేది. విభజన చరిత్రలో నదీజలాలకు, ఉద్యోగాలకు దక్కినంత చర్చ ఈ పరిధి మార్పుకు దక్కలేదు. తెలంగాణ సరఫరాలో పవన విద్యుత్తు వాటా ఎందుకింత స్వల్పమన్న ప్రశ్నకు సమాధానం కొంత గాలిలోను, కొంత ఈ సరిహద్దులోను ఉంది.

రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు వెలిశాయి. పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఆ సీమకు నైరుతి గాలి వానను అరుదుగా తెస్తుంది, వేగాన్ని మాత్రం తప్పక తెస్తుంది. కరువు జిల్లాగా పేరుమోసిన చోటే ఈ వనరు పోగుపడింది. తర్వాతి దశాబ్దాల్లో అనంతపురం, కర్నూలు జిల్లాలు ఉమ్మడి రాష్ట్ర పవన విద్యుత్తుకు ప్రధాన క్షేత్రాలయ్యాయి.

2014 పునర్వ్యవస్థీకరణ చట్టం పన్నెండవ షెడ్యూలు ఈ రెండు జిల్లాలను మధ్య ప్రాంత సంస్థ నుంచి తప్పించి దక్షిణ ప్రాంత సంస్థకు అప్పగించింది. జెన్కో థర్మల్ కేంద్రాల విద్యుత్తును వినియోగం ప్రాతిపదికన తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతంగా పంచారు. గాలిమరలు మాత్రం తమ జిల్లాలతో పాటే వెళ్ళాయి. బొగ్గు విద్యుత్తుకు వాడకం కొలమానమైతే, గాలికి నేలే కొలమానమైంది. అంతకు ఐదు నెలల ముందే, 2013 డిసెంబరు 31న, రాయచూరు–షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో అనుసంధానమైంది. తీగలు కలిసిన కాలంలోనే ఒప్పందాలు విడిపోయాయి.

ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ పవన సామర్థ్యం 4,000 మెగావాట్లు దాటింది. తెలంగాణది ఏళ్ళ తరబడి 128.1 మెగావాట్ల దగ్గరే నిలిచింది. అందులోనూ 100.8 మెగావాట్లు పరిగి ప్రాంతానివే. తెలంగాణలో గాలి లేదన్న అభిప్రాయం ఇలా స్థిరపడింది. అయితే జాతీయ పవన శక్తి సంస్థ అంచనాలు దీన్ని పూర్తిగా సమర్థించవు. 100 మీటర్ల ఎత్తున తెలంగాణ సామర్థ్యాన్ని 4.24 గిగావాట్లుగా లెక్కించిన సంస్థే, 120 మీటర్ల ఎత్తున 24.83 గిగావాట్లుగా చూపింది. ఆంధ్రప్రదేశ్ అంచనా 44.23 నుంచి 74.90కి పెరిగింది. ఇరవై మీటర్ల తేడాతో ఒకచోట వనరు దాదాపు ఆరింతలైందంటే, 'గాలి లేని ప్రాంతం' అన్నది ఆనాటి స్తంభం ఎత్తుకు లోబడిన మాట.

ఉమ్మడి సంస్థే కొనసాగి ఉంటే జహీరాబాద్‌కు కొరత ఉండేది కాదని వాదించడం కూడా సరికాదు. గాలిమరల ఉత్పత్తి జూన్–సెప్టెంబరు మధ్య ఉచ్ఛస్థితిలో ఉంటుంది. బోరుబావుల మీద ఆధారపడిన చెరకు, యాసంగి పైర్లకు మోటార్లు ఎక్కువగా తిరిగేది వేసవి ముంగిట. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అమలైన ఇరవై నాలుగు గంటల వ్యవసాయ సరఫరాకు ఈ రుతుభేదం అడ్డుగానే ఉండేది.

ధర మరో చిక్కు. ఆంధ్రప్రదేశ్ నియంత్రణ మండలి 2016–17కు యూనిట్‌కు 4.84 రూపాయలు నిర్ణయించింది. 2017 ఫిబ్రవరిలో జరిగిన తొలి జాతీయ వేలంలో ధర 3.46కు పడిపోయింది. పాత ఒప్పందాలను తిరగదోడేందుకు 2019 జూలై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సంప్రదింపుల సంఘాన్ని నియమించింది. వివాదం హైకోర్టుకు చేరింది. తుది తీర్పు వరకు 2.43 రూపాయల తాత్కాలిక ధర చెల్లించాలన్న ఆదేశాన్ని 2022 మార్చి 15న ధర్మాసనం కొట్టివేసి, ఒప్పంద ధరే చెల్లించాలంది. విభజనలో గాలిమరలను పొందిన రాష్ట్రానికి వాటి ఖరీదు కూడా సంక్రమించింది. ఆ భారంలో పాలు లేని తెలంగాణ సంస్థలు సౌర విద్యుత్తు వైపు మొగ్గాయి.

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మరొకటి. ఒకప్పుడు ఒకే సంస్థ సరఫరా చేసిన ఈ రెండు చోట్లా పరిశ్రమలకు కావలసింది పగటి సౌర విద్యుత్తు మాత్రమే కాదు. వానాకాలపు సాయంత్రాలలో, రాత్రులలో నడిచే యంత్రాలకు రాయలసీమ గాలి అప్పుడే అందుబాటులో ఉంటుంది. ఓర్వకల్లుకు అది సొంత రాష్ట్రపు సరఫరా. జహీరాబాద్ దాన్ని అంతర్రాష్ట్ర మార్గంలో, వేలం ధరకు కొనుక్కోవాలి.